భువన ఏడుపు

మా భువన చదివే జూబ్లీ హిల్స్ స్కూలు సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలతో నిండిపోయాక, అక్కడ కొత్తగా ఒక కౌన్సెలర్ని పెట్టారు. ఆవిడ రమ్మని ఫోన్ చేస్తే నాకు ఒళ్లు మండింది. నా కూతురికేమైనా పిచ్చా? మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదంటే అది ఎనిమిదో తరగతి పొగరు, అంతే అనుకున్నాను.

ఫిల్మ్‌నగర్ స్టూడియో నుంచి విసవిసా వెళ్లాను. హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పడం నా పని. ఏడుపు సీన్లకు నేను పెట్టింది పేరు.

కౌన్సెలర్ అరుణజ్యోతి నాకు కుర్చీ చూపించింది. పక్కన భువన తల వంచుకుని కూర్చుంది.

"మేడమ్, జరసేపు మీరేం మాట్లాడకుండ్రి. పాప చెప్పేది వినుండ్రి, చాలు."

నోటితో బతికేదాన్ని నోరు మూసుకోమంటోంది!

భువన నావైపు చూడకుండా ఆవిడకే చెప్పింది. "అమ్మమ్మ పోయిన రోజు నేను ఏడ్చాను కదా మేడమ్. మొన్నామధ్య ఫ్రెండ్స్‌తో సినిమాకి వెళ్తే, హీరోయిన్ అచ్చం అలాగే ఏడ్చింది. చివరి వెక్కుతో సహా నాదే. వెనక సీట్లో వాళ్లు నవ్వారు. అప్పట్నుంచీ అమ్మ ముందు నోరు విప్పాలంటే భయం."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే. ఆ రోజు ఎదురుగా మా అమ్మ శవం. భువన నా భుజం మీద పడి ఏడుస్తోంది. నేను మాత్రం ఊపిరి ఎక్కడ తెగుతోందో, వెక్కు ఎక్కడ పడుతోందో విన్నాను. నెల తిరక్కుండా మైకు ముందు దింపేశాను. ఒకే టేకు. డైరెక్టర్ చప్పట్లు కొడితే మురిసిపోయాను కూడా.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. గొంతు సరిగ్గా వణకాల్సిన చోటే వణికింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"చూశారా మేడమ్, అదిగో!" అంటూ భువన భోరుమంది.

దగ్గరకు తీసుకోబోయి ఆగిపోయాను. ఈసారి వెక్కు ముందే వచ్చింది, తర్వాత సన్నటి కూత. నా చెవి దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

భువన ఏడుస్తూనే అడిగింది. "ఇప్పుడు కూడా పట్టుకుంటున్నావా అమ్మా?"

లేదని చెప్పడం నాకు చిటికెలో పని. ఎవరైనా నమ్మేలా చెప్పగలను. అరుణజ్యోతి నా వంకే చూస్తోంది.

"అవునమ్మా" అన్నాను. మాట కీచుగా, పగిలిపోయి వచ్చింది. ఏ డైరెక్టరూ ఓకే చెయ్యని గొంతు.

భువన తలెత్తింది. మూడు వారాల్లో మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

నేనే తల దించుకున్నాను.