నాలుగో అపాయింట్‌మెంట్

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుండగా వచ్చింది. చొక్కా రెండో చేతి మీద పెట్టె ఆనించానో లేదో, నడుం దగ్గర ఎప్పటి లాగుడే మొదలైంది. నా లెక్క ప్రకారం ఇంకా ఐదు రోజులుంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, గోడ వైపు తిరిగి, ఈ రోజే దొరికిందా నీకు అని నా పొట్టను నేనే అడిగాను. ఆ రోజు పదకొండింటికి ఆడవాళ్ల డాక్టరు దగ్గర నాకు అపాయింట్‌మెంట్ ఉంది.

జబ్బేమీ లేదు. నలభై దాటిన ఆడవాళ్లు అప్పుడప్పుడూ చేయించుకోవాలంటారే, ఆ మామూలు గర్భసంచి పరీక్ష. నాకు నలభై దాటి నాలుగేళ్లయింది, ఒక్కసారీ చేయించుకోలేదు. మూడుసార్లు పేరు రాయించుకున్నాను, మూడుసార్లూ మానేశాను. మొదటిసారి ఆయనకు జలుబు. ఆయన జలుబంటే మాటలు కాదు, ఇల్లంతా మంచం చుట్టూ తిరగాలి. రెండోసారి అత్తయ్యగారి చెల్లెలు చెప్పాపెట్టకుండా పెట్టెతో దిగింది. మూడోసారి బడిలో తనిఖీ. నాలుగోసారి ఎవరూ అడ్డుపడకపోయేసరికి నా ఒళ్లే వాళ్ల జట్టులో చేరిపోయింది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. మా అమ్మ ఇలాగే వచ్చే నెల, వచ్చే నెల అంటూ రెండేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి వెళ్లేసరికి డాక్టర్లు చేయగలిగిందేమీ మిగల్లేదు. ఈసారి మానేస్తే నేను మళ్లీ రాయించుకోను, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

విషయం చెప్పగానే ఆయన అద్దం ముందు నుంచి కదలకుండా తేల్చేశారు. "అయితే మానెయ్. ఎలాగూ సెలవు పెట్టావు కదా, నా బూట్లు కుట్టడానికిచ్చి రా." నా సెలవు ఆయనకు ఖాళీ సంచీలా కనపడుతుంది, ఏదో ఒకటి వేయకపోతే తోచదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఇలాంటప్పుడు వెళ్తే ఆ డాక్టరమ్మ ఏమనుకుంటుందని, తమ కాలంలో పక్కన పడుకున్న మనిషికి కూడా తెలిసేది కాదని అన్నారు. తెలియకపోవడం ఆ మనిషి గొప్పా, ఈవిడ గొప్పా అని అడగాలనిపించింది. బూట్లు సంచీలో పెట్టుకుని బయటపడ్డాను. ఆ బూట్లు లేకపోతే బహుశా కదలనిచ్చేవారు కాదు.

అసలు ఆ సెలవు దొరకడమే ఒక కథ. బడి ఆఫీసులో నా పని, ఏ టీచరు రాకపోతే ఆ క్లాసుకు ఎవరిని పంపాలో రాసి పెట్టడం. నేను రాకపోతే ఎవరిని పంపాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. అందుకని ముందు రోజే రెండు రోజుల పనీ చేసి పెట్టాను. హెడ్మాస్టరుగారు సెలవెందుకని అడిగితే, పళ్ల డాక్టరు దగ్గరికని నోటికొచ్చింది చెప్పేశాను. ఇక వారం రోజులు ఆయన నా దవడ వంక జాలిగా చూస్తూనే ఉన్నారు. మెత్తటివే తినమన్నారు. ఎడమ వైపు నమలొద్దన్నారు. నేను కూడా మొహమాటానికి కుడి వైపే నమిలాను.

ఆసుపత్రిలో కౌంటరు దగ్గర అమ్మాయి నా పేరు చూసి, కాగితం ముందుకు తోసింది. వెనక బెంచీల మీద భార్యలతో వచ్చిన మగవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. నేను వంగి, గొంతు తగ్గించి, ఈ రోజు ఒంట్లో బాగోలేదని చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తకుండానే, బాగోలేకపోతేనే కదండీ ఇక్కడికొస్తారు అంది. అది కాదమ్మా, అదీ అన్నాను. ఏదీ అంది. చివరికి కాగితం వెనక పెన్సిల్‌తో రాసి చూపించాను. ఆ అమ్మాయి చదివి, "పీరియడ్సా? దానికేం మేడమ్, కూర్చోండి," అని బెంచీలన్నిటికీ వినపడేలా చెప్పింది. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఓరకంట చూస్తే ఒక్కరూ నా వైపు చూడటం లేదు. ఒకాయన నిద్రపోతున్నాడు కూడా.

కాగితంలో పోయిన నెల తేదీ రాయమన్నారు. వంటింట్లో క్యాలెండరు మీద నేను ఆ రోజుల్లో ఎర్ర చుక్కలు పెట్టుకుంటాను. ఆయన వాటిని పాలు రాని రోజులనుకుని మూడేళ్లుగా పాలతనితో తగాదా పడుతున్నారు. నెలకు నాలుగు రోజులు ఎగ్గొడతావా అని ఆయన, ఒట్టు సార్ ఒక్క రోజూ మానలేదని అతను. సంగతి చెప్పలేక నేను పొయ్యి వైపు తిరిగి నిలబడతాను. తేదీ రాస్తుంటే ఆ పాలతని మొహమే గుర్తొచ్చి సిగ్గేసింది. మూడేళ్లుగా నా నెలసరి నింద అతను మోస్తున్నాడు.

లోపల నర్సు బల్ల చూపించి, దుస్తులు మార్చుకోమని వెళ్లింది. బల్ల మీద తెల్లటి దుప్పటి ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత తువ్వాలు దాని మీద పరిచాను. డాక్టరు ఇంకా రాలేదు. ఊరికే నిలబడటం నాకు చేతకాదు. కర్టెన్ సరిచేశాను. చెత్తబుట్ట మూత పెట్టాను. ట్రేలో దూది డబ్బాలు వరసగా సర్దుతుండగా డాక్టరు వచ్చి, నన్నూ నర్సునూ మార్చి మార్చి చూసి, "ఈవిడ పేషెంటా, కొత్తగా చేరారా?" అన్నారు.

నేను సారీ చెప్పాను. బల్ల ఎక్కుతూ ఒకసారి చెప్పాను, తువ్వాలు జరిగితే ఒకసారి, ఈ రోజే ఇలా అయిందని ఒకసారి. నాలుగోదానికి ఆవిడ చేతి తొడుగులు వేసుకోవడం ఆపి నా మొహంలోకి చూశారు.

"పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి, నోట్లో పళ్లున్నాయి సారీ అంటారా మీరు?"

నాకు హెడ్మాస్టరుగారు గుర్తొచ్చి నవ్వు పొంగుకొచ్చింది. ఎందుకో చెప్పబోతే, నవ్వితే పని చేయలేను ఊపిరి వదలండి అన్నారు. మొదటి రోజు కాబట్టి ఇంకా కొద్దిగానే ఉంది, పరీక్షకు ఇబ్బంది లేదన్నారు. చల్లగా ఉంది, కొంచెం నొప్పిగా ఉంది, అయిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. ఈ నాలుగు నిమిషాలకా నేనిన్నాళ్లు ఇంటిల్లిపాదికీ దారి వదిలాను అనుకుంటే ఒళ్లు మండింది. అమ్మ మీద కూడా కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. నర్సు దూది అందించింది, నేను సర్దిన డబ్బాలోదే.

ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. అత్తయ్య బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తున్నారు. నేను సంచీ కింద పెట్టకముందే ప్రశ్నలు మొదలయ్యాయి. ఆడ డాక్టరేనా, బట్టలు తీయమన్నారా, నొప్పి పుట్టిందా. అన్నీ నా మర్యాద మీద విచారణే అనుకుని ముక్తసరిగా జవాబులిచ్చి, కడగడానికి బియ్యం గిన్నెలోకి తీశాను.

"నా వయసు వాళ్లను కూడా చూస్తారా అక్కడ?"

నేను వెనక్కి తిరిగాను. ఆవిడ తలెత్తలేదు. కాయలో గింజలన్నీ అయిపోయినా వేలు అందులోనే తిప్పుతున్నారు.

"నాకు ఆగిపోయి పన్నెండేళ్లయిందా. పోయిన నెల నుంచి మళ్లీ కనపడుతోంది."

"నెల రోజులా? నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నీకు తీరికెక్కడిదమ్మా," అన్నారు. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే నా తీరిక కోసం ఆ మనిషి నెల రోజులు ఆగింది.

కడగబోయిన బియ్యం తిరిగి డబ్బాలో పోసి ఆసుపత్రికి ఫోన్ చేశాను. కౌంటరు అమ్మాయి రెండు నెలల తర్వాత తేదీ ఇవ్వబోయింది. నెలసరి ఆగిపోయిన మనిషికి మళ్లీ రక్తం కనపడుతోందని గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయి లోపల కనుక్కుని, డాక్టరుగారు రెండింటి దాకా ఉంటారు, ఇప్పుడే తీసుకురండి అంది.

అత్తయ్య చీర సర్దుకున్నారు, జుట్టు సర్దుకున్నారు, చెప్పుల్లో ఒక కాలు పెట్టి ఆగారు.

"ఒంటిగంటకు వాడు భోజనానికొస్తాడు. వంట కాలేదు కదా."

"కాలేదు," అన్నాను. ఆవిడ రెండో కాలు కూడా చెప్పులో పెట్టేదాకా ఆగి, తలుపుకు తాళం వేశాను.