మార్తాండ్ రెండో చెయ్యి

నేను ఒక చేతుల కుర్చీని. కూర్చునేవాళ్ల బరువు మోయడమే నా పని అనుకుంటారు అందరూ. నేను ఎన్ని తన్నులు తిన్నానో, ఎన్నిసార్లు గొంతు పిసికించుకున్నానో అడిగినవాడు లేడు. ఇప్పుడు లాడ్జి డాబా మీద విరిగిన మంచాల మధ్య పడి ఉన్నాను కాబట్టి చెప్పుకోవడానికి తీరిక దొరికింది. మీరు వింటే సరే, లేకపోతే పావురాలున్నాయి.

పటమటలో ఒక వడ్రంగి, గుమ్మాలు చేయగా మిగిలిన మద్దిచెక్కతో నన్ను చేశాడు. మొదట ఒక ప్లీడరుగారి వరండాలో ఉన్నాను. అక్కడ నా ఒళ్లో కూర్చుని నిజం చెప్పినవాళ్లు తక్కువ. ప్లీడరుగారు పోయాక గవర్నరుపేటలోని ఈ లాడ్జికి, మేడ మీద చివరి గదికి చేరాను. ఆ గదిలోనే నాకు సాంబయ్య తగిలాడు. ఇద్దరం బయటికి పోలేనివాళ్లమే.

సాంబయ్య డిటెక్టివ్ నవలలు రాసేవాడు. జనం ఎగబడి చదివేవాళ్లు. అట్ట మీద మాత్రం 'మేజర్ రంజన్' అని ఉండేది. ఆ మేజరు అనేవాడు లోకంలో లేడు. ప్రచురణకర్త నాగలింగం గారు పుట్టించిన పేరది. ఆయన దగ్గర ఎవరు రాసినా మేజరు రాసినట్టే. కొడుకు రచయిత అంటే ఉయ్యూరులో ఉన్న సాంబయ్య తల్లి కూడా నమ్మేది కాదు పాపం.

ఈసారి నాగలింగం గారు మెత్తబడ్డారు. అట్ట మీద 'గుంటుపల్లి సాంబయ్య' అని అచ్చు వేయించారు. అందుకు బదులుగా నవల పూర్తయ్యేదాకా గదికి బయటినుంచి తాళం. కిటికీ ఊచల్లోంచి కాఫీ, ఇడ్లీ పొట్లం లోపలికి వచ్చేవి. రాసిన కాగితాలు బయటికి పోయేవి.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది వాళ్ల వ్యాపారం. ముందు అట్ట అచ్చవుతుంది, తర్వాత దానికి సరిపడా కథ పుట్టాలి. ఆ కథ కూడా రాసింది రాసినట్టే ప్రెస్సులో అచ్చయిపోతూ ఉంటుంది. సాంబయ్య ఆ అట్టకేసి చూశాడన్నమాటేగాని, తన పేరు చూసుకుని మురిసిపోవడంతోనే సరిపోయింది, బొమ్మ చూడలేదు. అప్పటికే అచ్చయిపోయిన సగం కథలో డిటెక్టివ్ మార్తాండ్ కుడిచెయ్యి విరగ్గొట్టి మెడకు కట్టు వేలాడదీశాడు, పాఠకులు జాలిపడతారని. బొమ్మలో మార్తాండ్, తాళం వేసిన గోడౌనులో జగ్గడు అనే దుర్మార్గుడి గొంతు రెండు చేతులా పిసుకుతున్నాడు.

ఆ సంగతి బయటపడ్డ రోజు పొద్దున్నే నాగలింగం గారు కిటికీ దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"ఏవయ్యా, విరిగిన చెయ్యి అట్ట మీదకెట్టా వచ్చింది?"

"కట్టు విప్పించేస్తానండీ."

"రాత్రి విరిగింది తెల్లారేసరికి అతుక్కుంటుందా? చదివేవాడు చెవిలో పువ్వు పెట్టుకున్నాడా? సాయంత్రానికల్లా ఆ ఫైటు సరిగ్గా రాసివ్వు. లేదంటే అట్ట మళ్లీ వేయిస్తా. అప్పుడు మాత్రం మేజర్ రంజనే, చెబుతున్నా."

సాంబయ్య మొహం చూడలేకపోయాను. గబగబా రాశాడు. మార్తాండ్ పులిలా దూకాడట, జగ్గడు సింహంలా గర్జించాడట, పిడిగుద్దుల వర్షం కురిసిందట, గుద్దుకీ గుద్దుకీ మధ్య పేజీడు డైలాగులట. చదువుకుని తనే చించేశాడు. "ఇది ఫైటు కాదు, సర్కస్సు" అన్నాడు నాతో. ఆ గదిలో మాట్లాడటానికి నేను తప్ప ఎవరున్నారు!

తర్వాత ఏమనిపించిందో, లేచి తలుపును భుజంతో కుమ్మాడు. మళ్లీ కుమ్మాడు. అది కదల్లేదు. భుజం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి తన రొప్పు తనే చెవియొగ్గి వినడం మొదలుపెట్టాడు. భయపడ్డవాడి నోట్లోంచి అంత పొడుగు డైలాగులు రావని అప్పుడు తెలిసినట్టుంది.

కుడిచేతిని తువ్వాలుతో మెడకు కట్టుకున్నాడు. నన్ను గది మధ్యకు లాగి జగ్గణ్ణి చేశాడు. ఎడమచేత్తో ఒక్కటిచ్చాడు. నేను పడ్డాను, నా మీద తనూ పడ్డాడు. "కొట్టడం కాదురా, కొట్టినవాడు ఎటు తూలాడో రాయాలి" అని గొణుక్కున్నాడు. గోడౌను తలుపు ఎటుంది, జగ్గడు ఎటున్నాడు, బియ్యం బస్తా ఎంత దూరం, అన్నీ నడిచి చూసుకున్నాడు. నాకు ఒళ్లు హూనమైంది. చివరికి నా వీపుపట్టీ గొంతనుకుని ఎడమచేత్తో బిగించాడు. చెమటకు వేళ్లు జారుతున్నాయి. ఇంకో దారి లేదు. అప్పుడు తువ్వాలు వైపు చూశాడు. ఆ చూపుకి నాకు నిజంగా భయం వేసింది.

బల్ల దగ్గర కూర్చుని రాసి, పైకి చదివాడు. "ఎడమచెయ్యి జారుతోంది. జగ్గడికి ఆ సంగతి తెలిసింది. నవ్వాడు. మార్తాండ్ కట్టులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు." పులీ లేదు, సింహమూ లేదు.

సాయంత్రం నాగలింగం గారు కిటికీ దగ్గరే నిలబడి చదివారు. చదువుతూ చదువుతూ తెలియకుండానే తన కుడి మోచెయ్యి నిమురుకున్నారు.

"చంపావు కదయ్యా" అన్నారు.

పుస్తకం తయారయ్యాక ఆయనే వచ్చి తాళం తీశారు. సాంబయ్య అట్ట మీద తన పేరును వేలితో తడిమాడు. కళ్లు తుడుచుకుని, "ఉయ్యూరు వెళ్లి మా అమ్మకు చూపించి వస్తానండీ" అన్నాడు.

"వెళ్లిరా, ఎవడొద్దన్నాడు? అన్నట్టు ఇది చూడు." సంచిలోంచి ఇంకో అట్ట తీశారు. మార్తాండ్ రైలుకి తలకిందులుగా వేలాడుతున్నాడు. పైన గుంటుపల్లి సాంబయ్య పేరు ఇంకా లావు అక్షరాల్లో ఉంది.

"దీనికి కథ?"

"నువ్వు వచ్చేదాకా ఆగలేనుగా. నీ పేరు అట్ట మీదకెక్కాక లోపల ఎవడు రాస్తే ఏముందయ్యా? ఎవడో ఒక కుర్రాణ్ణి కూర్చోబెడతాలే. నువ్వు నిదానంగా రా."

తాళం కప్ప జేబులో వేసుకుని ఆయన మెట్లు దిగిపోయారు. తలుపు బార్లా తెరిచే ఉంది. సాంబయ్య గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. తర్వాత నన్ను బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.