సైకిల్ వచ్చు

దరఖాస్తు నాలుగో పేజీలో ఒక ప్రశ్న ఉంది. సైకిల్ తొక్కడం వచ్చా? పక్కన రెండు గడులు. వచ్చు, రాదు. నేను "వచ్చు" గడిలో టిక్కు పెట్టాను. నాకు సైకిల్ స్టాండు తీయడం కూడా రాదు.

ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను. రాదంటే పంపరేమోనని భయం. పంపరని ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను. ఇలాంటివి అనుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మాది మార్మన్ చర్చి. మాలో నా ఈడు పిల్లలు చాలామంది మిషనరీలుగా వెళ్తారు. అబ్బాయిలకి రెండేళ్ళు, అమ్మాయిలకి పద్దెనిమిది నెలలు. ఏ దేశమో మనం కోరుకోకూడదు, పొమ్మన్నచోటికి పోవాలి. నేను వెళ్ళాలని అమ్మకి ఎంత ఉందో నాకు అంతకు రెట్టింపు ఉంది. అంత ఆశపడ్డదాన్ని, ఒక్క గడి దగ్గర ఆగుతానా?

ఎనిమిది నెలలు ఆ టిక్కు నా జోలికి రాలేదు. మొదట వేసిన ఊళ్ళో ఎక్కడికెళ్ళినా బస్సులే. తర్వాత ఈ ఊరికి మార్చారు. రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషన్ బయటికి వచ్చేసరికి నా కొత్త జోడీ రెండు హెల్మెట్లు పట్టుకుని నిలబడి ఉంది.

జోడీ సంగతి కాస్త చెప్పాలి. మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఉండాలి. స్నానాల గది తప్పిస్తే ఒకరి కంటికి ఒకరు ఆనుతూ ఉండాల్సిందే. ఒకరు కదలకపోతే రెండోవాళ్ళూ కదలకూడదు. ఈ అమ్మాయిది నా దేశం కాదు, ఈ దేశమూ కాదు. నాకంటే ఏడాది పెద్ద. అందరిలాగే నేనూ పైకి "సిస్టర్" అని పిలిచేదాన్ని, లోపల మాత్రం గడియారం అని పేరు పెట్టేశాను. ఆరున్నరకి మోగాల్సిన అలారాన్ని ఆరూ ఇరవైతొమ్మిదికి లేచి ఆపే మనిషిని ఇంకేమనాలి?

హెల్మెట్ నా చేతికివ్వబోతుంటే నాకు మోకాలు నొప్పి అని చెప్పాను. ఇంకో అబద్ధం. మొదటిదానికి తోడు కావాలి కదా. గడియారం ఏమీ అనుకోలేదు. మోకాలు తగ్గేదాకా నడుద్దాం, దూరమైతే బస్సెక్కుదాం అంది. ఆ రాత్రి తన పెట్టెలోంచి మందు తీసి నా మోకాలికి తనే రాసింది. మర్నాడూ రాసింది. పదిహేను రోజులు రాస్తూనే ఉంది. ఆ మందు మంట కంటే నా మొహంలో మంట ఎక్కువగా ఉండేది.

మా గది మూడో అంతస్తులో. రెండు మంచాలు, రెండు బల్లలు, గోడ మీద ఊరి పటం. లేవగానే ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, తిండి, తర్వాత రెండు గంటలు చదువు. పదింటికల్లా బయటపడాలి. ఆ పైన తలుపులు. తలుపు తీసి వద్దనేవాళ్ళు, తీయకుండానే వద్దనేవాళ్ళు, లోపల టీవీ గొంతు తగ్గించి ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఈ మూడోరకం వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. వద్దని చెప్తే పోతుంది కదా. అబద్ధాల మీద నాకు అంత కోపం రావడం ఏమిటో అని అప్పుడప్పుడు అనిపించేది కానీ, ఆ ఆలోచనను ఎక్కువసేపు నిలవనిచ్చేదాన్ని కాదు.

మా పటంలో అన్నిటికంటే దూరంగా, వంతెనకి అవతల, ఒక హాస్పిటల్ లాండ్రీ ఉంది. మా గదికి ఎనిమిది కిలోమీటర్లు. అందులో పనిచేసే ఆవిడ ఒక ఆదివారం తనంతట తనే మా చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా పాలిపోయి ఉంటాయి. మొదటి రోజే నేను అక్కా అన్నాను, తను నన్ను అమ్మాయీ అంది. బాప్తిస్మం తీసుకుంటానని అడిగిన మనిషి ఈ ఊరు మొత్తానికి ఆవిడ ఒక్కతే. తీరికల్లా రెండు నుంచి మూడు దాకా, ఆ గంటే. సైకిల్ మీదైతే అరగంటలో పోవచ్చు. బస్సులో రెండు చోట్ల మారి గంటన్నర. వారానికి రెండుసార్లు వెళ్ళేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చేది, మిగతా ఇళ్ళన్నీ మూలపడేవి.

ఒక శనివారం, దుప్పట్ల మూటల మధ్య కూర్చుని పాఠం చెప్తున్నాం. నిజాయితీ గురించి. ఆవిడ సగంలో ఆపింది. ఉద్యోగంలో చేరేటప్పుడు పది చదివానని కాగితం మీద రాయించానని చెప్పింది. అసలు ఆవిడకి చదవడమే రాదట. రెండేళ్ళుగా బట్టలుతికే మందు డ్రమ్ముల్ని మూతల రంగుతో గుర్తుపెట్టుకుంది. ఎర్రమూత మరకలకి, నీలంమూత సబ్బుకి. గత నెలలో కొత్త సరుకొచ్చింది, అన్నిటికీ తెల్లమూతలే. ఇప్పుడు వాసన చూసి పోస్తోంది. పోయిన వారం ఒక వార్డు దుప్పట్లన్నీ పాడైపోయాయి, ఎవరి పనో ఇంకా తేలలేదు. రోగుల ఒంటి మీద కప్పేవి కదా అమ్మాయీ అని, తల దించుకుంది.

సూపర్‌వైజర్‌కి చెప్పేయాలా అని అడిగింది. చెప్తే తీసేస్తారు. చెప్పకుండా బాప్తిస్మం తీసుకుంటే దేవుడు ఒప్పుకుంటాడా?

జవాబు నాకు కంఠతా వచ్చు. ఎనిమిది నెలలుగా ఈ భాషలో వల్లించినవాటిలో అది మొదటిది. గడియారం నా వంక చూసింది, నా వంతు కాబట్టి. నేను నీళ్ళు నమిలాను. నమిలి నమిలి, ఇక తప్పక, నేనూ ఒక కాగితం మీద అబద్ధం పెట్టానక్కా అని మొత్తం చెప్పేశాను. దరఖాస్తు, టిక్కు, మోకాలు, అన్నీ. చెప్తున్నంతసేపూ గడియారం వైపు తిరగడానికి ధైర్యం చాల్లేదు.

ఆవిడ అంతా విని, ఒకటే అడిగింది. "మీ పెద్దవాళ్ళకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"అయితే ముందు నువ్వు చెప్పు. నిన్నేం చేస్తారో చూసి, అప్పుడు నా సంగతి చూసుకుంటాను."

బస్సులో గంటన్నరా గడియారం వేరే సీట్లో కూర్చుంది. గదికొచ్చాక ఆ మందు సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. "పదిహేను రోజులు రాశాను," అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను, క్షమించమన్నాను. ఇప్పుడే కాదు అంది. తను అబద్ధమాడదు కాబట్టి, ఆ మాట నమ్మాను.

ఆదివారం సాయంత్రం మా ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద అయిన ఆయనకి ఫోన్ చేశాను. మా నాన్న వయసుంటుంది. కోప్పడతాడని సిద్ధపడి చేస్తే, ఆయన నెమ్మదిగా వింటున్నాడు. అది ఇంకా కష్టం. నిజం చెప్పినందుకు సంతోషమన్నాడు. ఆ ఊళ్ళో పని సైకిల్ లేకుండా జరగదు కాబట్టి సైకిల్ వచ్చినవాళ్ళని పంపి, నన్ను నడకతో సరిపోయే ఊరికి మారుస్తానన్నాడు. ఇది శిక్ష కాదు సిస్టర్ అన్నాడు. శిక్ష కాదని నాకూ తెలుసు. కానీ నేను పెట్టె సర్దుకుని పోతే లాండ్రీ అక్క కంటికి ఎలా కనిపిస్తుంది? నిజం చెప్పింది, మూడో రోజుకి మాయమైంది. ఇక ఆవిడ జన్మలో నోరు విప్పదు, డ్రమ్ముల వాసన చూస్తూనే ఉంటుంది.

"ఒక్క వారం ఇవ్వండి," అన్నాను. "శనివారానికి ఆ వంతెన దాటి లాండ్రీకి సైకిల్ మీద వెళ్తాను. వెళ్ళలేకపోతే మార్చేయండి."

ఆయన సరేనని, శనివారం నీ జోడీ ఫోన్ చేసి ఏం చెప్తే అది అన్నాడు. నాకు సగం ఆశ అక్కడే పోయింది. నామీద జాలితో గడియారం ఒక్క మాట అటూ ఇటూ చేస్తుందనుకోవడం దండగ.

సోమవారం మాకు బట్టలుతుక్కునే రోజు, ఇంటికి ఫోన్ చేసుకునే రోజు. అమ్మ విని, దేవుడి పనికి వెళ్తూ అబద్ధమాడి వెళ్ళావుటే అని తల పట్టుకుంది. వెనకనుంచి అన్నయ్య వచ్చి తెరలోకి దూరి పడీ పడీ నవ్వాడు. నవ్వాక, చక్రం వైపు చూడకు, ఎక్కడికి పోవాలో అటు చూడు అన్నాడు. చిన్నప్పుడు వాడి సైకిల్ ముట్టుకోనివ్వని పెద్దమనిషి ఇప్పుడు నాకు సలహా చెప్తున్నాడు. కోపమొచ్చింది. సలహా మాత్రం దాచుకున్నాను.

రోజూ వ్యాయామం చేసే అరగంటలో చర్చి వెనక కార్లు పెట్టే జాగాలో నేర్చుకున్నాను. గడియారం సీటు పట్టుకుని వెనక పరుగెత్తేది. నాతో ముక్తసరిగానే మాట్లాడేది, సీటు మాత్రం వదిలేది కాదు. మొదటి రోజు తొమ్మిదిసార్లు పడ్డాను. రెండో రోజు గోడని గుద్దాను. మూడో రోజు ఇరవై గజాలు తిన్నగా పోయి, ఆపడం ఎలాగో గుర్తురాక పూలమొక్కల్లోకి వెళ్ళాను. నాలుగో రోజు చూస్తే వెనక అడుగుల చప్పుడు లేదు. ఎప్పుడు వదిలేసిందో తెలీదు. అయిదో రోజు వాన పడింది. ఇవాళ మానేద్దామా అని తను అడగలేదు, నేనూ అడగలేదు.

శనివారం ఒంటిగంటకి బయల్దేరాం. గడియారం ముందు, నేను వెనక. మలుపు వచ్చినప్పుడల్లా దిగి నడిపించాను, ఎందుకంటే మలుపులు నాకు ఇంకా రావు. వంతెన ఎక్కేటప్పుడు పక్కనుంచి లారీ పోయింది. ఆ గాలికి సైకిల్ ఊగిపోయి, కాలిబాట అంచు మీద పడ్డాను. ఈసారి మోకాలు నిజంగానే చితికింది. గడియారం ఆగి చూస్తోంది. రా అనలేదు, వద్దనలేదు. మా ఊరు, అమ్మ, ఎనిమిది నెలల తలుపులు, ఏవీ అప్పుడు నాకు గుర్తులేవు. అవతల ఒక మనిషి నాకోసం చూస్తోంది, మూడయితే లోపలికి పోతుంది, అదొక్కటే ఉంది బుర్రలో. లేచి ఎక్కాను. చక్రం వైపు చూడలేదు.

లాండ్రీ గేటు దగ్గర దిగేసరికి రెండూ నలభై. గడియారం అక్కడే నిలబడి పెద్దాయనకి ఫోన్ చేసింది. "వంతెన దాటింది. మలుపులు రావు, దిగి నడుస్తుంది. ఒకసారి పడింది, లేచింది," అని చెప్పి, అవతలి మాట విని, ఫోన్ పెట్టేసింది. "ఉండమన్నారు," అంది నాతో. తర్వాత నా మోకాలు చూసి, గదికెళ్ళాక మందు రాస్తానంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

లాండ్రీ అక్క గుమ్మంలోనే ఉంది. రక్తం చూసి మూటలోంచి పాత గుడ్డ లాగి కట్టింది. కడుతూ అడిగింది, నిన్నేం చేశారని. మారుస్తామన్నారు, వారం గడువిచ్చారు, ఇప్పుడు ఉండమన్నారు అని చెప్పాను.

"గడువు వాళ్ళే ఇచ్చారా, నువ్వడిగావా?"

"అడిగాను."

ఆవిడ ముడి బిగించి లేచింది. రబ్బరు తొడుగులు తీసి డ్రమ్ము మీద పెట్టి, సూపర్‌వైజర్ గదికి పోయే మెట్లవైపు నడిచింది. అప్పుడు నాకు భయమేసింది. వారమంతా నేను నా సైకిల్ గురించే ఆలోచించాను. చెప్పినందుకు నాకు పోయేదల్లా ఒక ఊరు, అంతే. ఆవిడకి పోయేది కూడు. ఇంత తేలికైన నిజం చెప్పి వచ్చి, అంత బరువైనదాన్ని ఆవిడ చేత మోయిస్తున్నానని సిగ్గేసింది.

"అక్కా, ఆగు. నన్ను చూసి వెళ్ళకు," అన్నాను. "నాదీ నీదీ ఒకటి కాదు."

ఆవిడ రెండో మెట్టు మీద ఆగింది. "నిజం చెప్పాలని నువ్వు నాకు నేర్పక్కర్లేదమ్మాయీ. అది రెండేళ్ళుగా నా గొంతులోనే ఉంది. గడువు అడగొచ్చని మాత్రం నాకు తెలీదు," అని పైకి వెళ్ళిపోయింది.

మేమిద్దరం మూటల మీద కూర్చున్నాం. గడియారం ఒక్కసారి కూడా టైము చూడలేదు. మూడు దాటింది. లోపల మెషీన్లు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

ఆవిడ దిగి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు కానీ నడక తిన్నగానే ఉంది. ఆ దుప్పట్లు పాడుచేసింది తనేనని కూడా చెప్పేసిందట. మెషీన్ల దగ్గర్నుంచి మడతలు పెట్టే బల్లకి దించేశారు, జీతం కూడా తగ్గుతుంది. తీసేయలేదు. ఆర్నెల్లడిగితే మూడు నెలలిచ్చారు. ఈలోగా డ్రమ్ముల మీద రాసింది చదివి చూపించాలి.

"నాకు నువ్వే నేర్పాలి. వారానికి రెండు రోజులు చాలదు, రోజూ కావాలి," అంది. "రాగలవా?"

గడియారం నా వంక చూసి తలూపింది.

"రాగలను," అన్నాను. మీ అక్షరాలు నాకూ కొత్తే, కూడబలుక్కుంటూ చదువుతానని చెప్పాను. మలుపుల దగ్గర ఇంకా దిగి నడుస్తానని, వానయితే ఆలస్యమవుతుందని, ఒక్కోరోజు పడతానని కూడా చెప్పాను.

ఆవిడ అన్నీ విని, "ఆలస్యమైతే కూర్చుంటాను, రా," అంది.