మోకాలి దగ్గర లైనింగ్

గాయనికి నలభై ఏడేళ్లు. అందులో పాతికేళ్లు ఎవరికీ పట్టని సంగీతం పాడటానికే పోయాయి. పద్ధతిగా శాస్త్రీయం నేర్చిన గొంతు, జనం మెచ్చే పాత పాటలు పాడుకుంటే ఏ లోటూ ఉండేది కాదు. అబ్బే, ఆవిడకు కొత్తవే కావాలి, నిన్న రాసినవి, సిరా ఆరనివి. పైగా ఉద్యోగం అంటూ ఒకటి లేదు. పిలిస్తే వెళ్లడం, పాడటం, మళ్లీ పిలుపు కోసం చూడటం. ఎవరి పిచ్చి వాళ్లకానందం!

ఈ మధ్య ఆ ఆనందం కూడా అడుగంటింది. ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పే పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. షరతు ఒక్కటే, బయట కచేరీలు బంద్. ఒప్పుకుంటూ సంతకం పెట్టిన ఉత్తరం నాలుగు రోజులుగా ఆవిడ సంచిలోనే నలుగుతోంది. ఈ ఒక్క కచేరీ కానిచ్చి పోస్టు చేద్దామనుకుంది.

ఇంట్లో ఉండేది తనూ, అక్కా. అక్క దర్జీ. ముందు గదిలో ఆవిడ మిషను, వెనక గదిలో ఈవిడ సాధన. ఈ కచేరీ పాట సాధన మొదలైన మూడు నెలలుగా గోడ అవతలి నుంచి ఒకటే దెప్పుళ్లు.

“అదీ ఒక పాటేనటే? తలుపు సందులో వేలు నలిగినట్టు ఆ కేకలేంటి?”

“నువ్వు నీ మిషను తొక్కుకో అక్కా!”

కచేరీ రోజు మధ్యాహ్నం అక్క కూడా వెంట వచ్చింది. పాట మీద ప్రేమతో కాదు, తను కుట్టిన కొత్త గౌను అంచు ఊడితే కుట్టడానికి. సూదీదారంతో చివరి వరసలో కూర్చుంది.

పాటలో మూడో పేజీ గండం. పియానో ఆగిపోతుంది, హాలంతా నిశ్శబ్దం, అందులోంచి గాయని ఒంటరిగా ఎత్తుకోవాలి. స్వరం అందించే దిక్కుండదు కాబట్టి ఆవిడ చేతిలో శ్రుతి చూసుకునే చిన్న ఇనప ట్యూనింగ్ ఫోర్కు ఉంటుంది. దాన్ని మోకాలికి కొట్టి, చెవి వెనక ఎముకకు ఆనిస్తే అసలు స్వరం మోగుతుంది. పాతికేళ్ల అలవాటు. ఆ రోజూ కొట్టింది. కొత్త గౌను మందం ఆ దెబ్బను మింగేసింది. ఫోర్కు కిమ్మనలేదు. మళ్లీ కొట్టే వ్యవధి లేదు. దేవుడి మీద భారం వేసి ఎత్తుకుంది. పియానో మళ్లీ కలిశాక గానీ తెలియలేదు, పేజీ మొత్తం అసలు శ్రుతికి అర మెట్టు కిందికి పాడిందని.

పాతికమంది చప్పట్లు కొట్టారు. పాట రాసి స్వరం కట్టినాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఆ మూడో పేజీ... రాసింది రాసినట్టు వినిపించారండీ!”

“అది తప్పు పాడానండీ.”

“మీ వినయం మీది లెండి,” అని నవ్వేశాడు.

అప్పుడు విరిగింది ఆవిడ మనసు. రాసినవాడి చెవికే ఆనకపోతే ఇన్నాళ్లూ ఎవరి కోసం గొంతు చించుకున్నట్టు? ఏడుపు కూడా రాలేదు. అంత అలసిపోయింది.

ఇంటికి నడుస్తుంటే మలుపులో పోస్టు డబ్బా వచ్చింది. ఆవిడ ఆగి ఉత్తరం కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

“నడువే, ముందు ఆ గౌను విప్పి నాకివ్వు,” అంది అక్క. “మోకాలి దగ్గర లైనింగ్ తీసెయ్యాలి.”

“ఎందుకు?”

“ఫోర్కు మోగలేదుగా! రెండు పొరలు వేశాను, నా బుద్ధి గడ్డి తిని. ఆ పేజీ అంతా కిందికి దిగిపోయావు. అక్కడ కూర్చుని నా ప్రాణం గిలగిల్లాడిందనుకో.”

గాయని కదలకుండా నిలబడిపోయింది. “నీకెలా తెలుసే అక్కా?”

“మూడు నెలలుగా వింటున్నా, తెలీదూ? ఇలా కదా ఉండాల్సింది...” పుట్టాక ఒక్క పాటా పాడని అక్క, నడివీధిలో, ఆ మొదటి స్వరాన్ని కూనిరాగం తీసింది.

గాయని సంచిలోంచి ఫోర్కు తీసి, అరచేతి అంచుకు కొట్టి చెవి వెనక పెట్టుకుంది. అదే స్వరం. పిసరంత తేడా లేదు.

“మళ్లీ కచేరీ ఎప్పుడో ముందే చెప్పి చావు,” అంది అక్క. “కుట్టడానికి టైము పడుతుంది.”

“చెప్తాలే,” అంది గాయని. సంచి జిప్పు మూసి, పోస్టు డబ్బా దాటి అక్క వెనకే నడిచింది.