మోకాలు ఆనిన చోట

వేడిగాలి గన్ను మూతిని బైకు మడ్‌గార్డుకు బెత్తెడు దూరంలో పట్టుకుని పరశురాములు మెల్లగా పక్కకు జరుపుతున్నాడు. ఎండకు బూడిద రంగు తిరిగిన ప్లాస్టిక్కు, గాలి తగిలిన మేరకు, నీళ్లు పడ్డ రేగడిలాగా నల్లబడుతోంది. ఒక్కచోట కాస్త ఎక్కువ ఆగితే కరిగి ముడత పడుతుంది. తొందరపడితే తెల్లచారలు మిగులుతాయి. చెయ్యి ఎంత నెమ్మదిగా జరగాలో ఆయన్ని అడిగితే చెప్పలేడు. చేతికి తెలుసు, అంతే.

కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డు పక్కన, రాజేశం మెకానిక్ షెడ్డును ఆనుకుని ఒక రేకుల పంచ ఉంది. అదే ఆయన దుకాణం. బోర్డు లేదు. ఆయన దగ్గరికి వచ్చేవి చాలావరకు గల్ఫ్ పోయినవాళ్ల బండ్లు. మనిషి దుబాయికో సౌదికో పోతాడు, బండి ఇంటి ముందు టార్పాలిన్ పట్టా కింద నిలబడుతుంది. రెండు ఎండాకాలాలు దాటేసరికి దాని నలుపంతా పోతుంది. మనిషి సెలవు మీద వస్తున్నాడని ఫోను రాగానే ఇంట్లోవాళ్లకు బండి గుర్తొస్తుంది. అందుకే ఏ ఊరికి ఎవరు వస్తున్నారో వారం ముందే పరశురాములుకు తెలిసిపోతుంది.

కిరోసిన్ పూసి, ఒక్కపూట మెరిపించి పంపేవాళ్లు ఊళ్లో ఉన్నారు. దుమ్ము పట్టి మూడోనాటికి ఆ బండి మునుపటికంటే తెల్లగా అవుతుంది. ఆయన మాత్రం కిరోసిన్ ముట్టడు. చేస్తే ఆరునెలలు నిలవాలి, లేకపోతే చెయ్యకూడదు అన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలతో ఆయన బాగుపడ్డది ఏమీ లేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎముకల మీద చర్మం కప్పినట్టుంటాడు. గోళ్ల అంచుల్లో ఎప్పుడూ నలుపే. ఇది బండ్ల నలుపు కాదనీ, సిరిసిల్లలో పద్దెనిమిదేళ్లు లంగాల బట్టను రంగు తొట్లలో ముంచిన నలుపనీ ఆయన నవ్వుతూ అంటాడు. ఆ అద్దకం యూనిట్ మూతపడ్డప్పుడు కొందరు మహారాష్ట్రలోని భీవండికి రైలెక్కారు. ఆయన మస్కట్ పోయి, కార్ల షెడ్డులో రంగు కొట్టడం నేర్చాడు. నాలుగేళ్ల తర్వాత ఆ పనితనాన్నీ, దాంతోపాటు ఒక దగ్గునూ తీసుకుని తిరిగొచ్చాడు. పనితనం అక్కరకొచ్చినా రాకపోయినా దగ్గు మాత్రం ఆయన్ని విడిచిపెట్టలేదు.

పది గంటలకు ఒక అమ్మాయి బండిని నెట్టుకుంటూ వచ్చింది. ముప్పై లోపు వయసు. చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుంది.

"కాకా, గీ బండి కొత్తదాని తీరుగ చెయ్యాలె. రేపు పొద్దుగాల మా ఆయన అస్తుండు."

"ఏడికెల్లి?"

"సౌదికెల్లి. మూడేండ్లాయె పోయి."

"నువ్వేడికెల్లి అచ్చినవు?"

"అయిలాపూర్. నూక్కుంటనే అచ్చిన. గిది తోలెటోళ్లు లేక పట్టా కిందనే ఉంటది."

పరశురాములు ఇంజను మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. కాలుతోంది.

బండి మ్యాట్ నలుపు. మ్యాట్ అంటే మెరవని రంగు. పలక మీద వెలుతురు పడ్డట్టే ఉంటుంది, ఎదురు మెరవదు. దాన్ని ఎక్కడ రుద్దితే అక్కడ మెరుపు పుడుతుంది, ఆ మెరుపును తుడిచేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ రంగు అంటే ఆయనకు భయం, ఇష్టం కూడా. ఈ బండి ట్యాంకుకు రెండు పక్కలా అరచేయంత మెరుపు మచ్చలు ఉన్నాయి.

"గవి తుడిస్తె అయినయి కాకా," అంది ఆమె, ఆయన అడగకముందే. "ఐతారం ఐతారం కొబ్బరినూనె పెట్టి తుడిసిన."

పరశురాములు గొంతుక్కూర్చుని చూశాడు. తుడిచిన మెరుపు నాలుగు దిక్కులా పాకుతుంది, దానికి అంచు ఉండదు. వీటికి అంచు ఉంది. తొడా మోకాలూ ఆని, రోజూ ఒకే చోట రాసుకుంటే వచ్చే మెరుపు ఇది. మగవాళ్ల మోకాలు ఇంత ముందుకు రాదు. ఎవరో పొట్టి మనిషి, హ్యాండిల్ అందడానికి ముందుకు జరిగి కూర్చుని తోలారు.

"తుడిస్తె గిట్ల కాదు బిడ్డా," అన్నాడు. "నువ్వే తోలినవు."

ఆమె రాజేశం షెడ్డు వైపు చూసింది. ఆయన ఏదో బండి చక్రం విప్పుతున్నాడు, వినిపించుకోలేదు. ఆమె బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

పేరు రేణుక. లాక్‌డౌన్‌లో బస్సులు బందయ్యాయి. చుట్టిన బీడీలు కార్ఖానాకు చేరకపోతే మళ్లీ ఆకూ తంబాకూ ఇవ్వరు. ఒక తెల్లవారుజామున బీరువాలోంచి తాళంచెవి తీసి, పొలాల బాటలో రెండుసార్లు పడి, మూడోసారి నేర్చుకుంది. ఆ తర్వాత బిడ్డకు జ్వరమొస్తే జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఎవరో సౌదికి ఫోను చేసి చెప్పారు, నీ బండి రోడ్ల మీద తిరుగుతోందని. "బండి ఎవలు తోల్తుండ్రు?" అని భర్త సతీశ్ అడిగాడు. ఎవరూ తోలడం లేదని ఈమె అంది. అన్న మాట నోరు దాటిపోయింది.

"రేపు రాంగనే బండి సూస్తడు కాకా. గీ మచ్చలు సూస్తె నేను అబద్ధమాడిన్నని ఎరుకయితది. ఎవడో అచ్చి పోతుండనుకుంటడు. నేను తోలిన్నంటె గిప్పుడు నమ్ముతడా?"

"గట్లెందుకనుకుంటడు?" అన్నాడు గానీ, ఆ మాట చెప్పే అర్హత తనకు లేదని పరశురాములుకు తెలుసు.

మస్కట్ నుంచి వచ్చిన రోజు, సిరిసిల్ల ఇంట్లో ఆయన పాత సైకిల్ గోడకు ఆనించి ఉంది. దాని సీటు నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. నడుమ గొట్టం మీద ఒక పక్క రంగు అరిగిపోయి ఇనుము తేలింది. రంగు అరిగిందంటే ఎవరో రోజూ రాసుకున్నారని అర్థం. "నేను లేనప్పుడు దీన్ని ఎవడు తొక్కిండు?" అని అడిగాడు. భార్య సత్యవ్వ అన్నం కంచం ఆయన ముందు పెట్టి, ఒకసారి ముఖంలోకి చూసి లోపలికి పోయింది. ఆరునెలల తర్వాత పక్కింటి అంజవ్వ చెబితే తెలిసింది. దారం కండెల సంచిని సైకిల్‌కు కట్టుకుని, మగ్గాల షెడ్లకు చేర్చే పని సత్యవ్వే చేసేదని. నాలుగేళ్లు ఇల్లు నడిచింది ఆ సైకిల్ మీదేనని. తప్పయిందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె వండింది, పెట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది. పదకొండేళ్లు అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అలాగే కన్నుమూసింది. ఆ తర్వాత సిరిసిల్లలో ఉండలేక ఆయన కోరుట్ల వచ్చేశాడు.

"మాయం చేస్త బిడ్డా," అన్నాడు. "నాలుగు గంటలు కొట్టంగ రా. గని రంగు పచ్చిది. మూడు దినాలు మోకాలు ఆనియ్యద్దు, యాదుంచుకో."

ఆమె కార్ఖానాకు నడిచి వెళ్లింది. ఆయన ముందు ప్లాస్టిక్కుల పని పట్టాడు. మడ్‌గార్డులు, అద్దాల కాడలు, సైడు ప్యానళ్లు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. మధ్యాహ్నం రాజేశం అన్నానికి పిలిస్తే, ఆకలి లేదని, చాయ్ మాత్రం తాగాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచి సలుపుతోంది. గన్ను బరువు అనుకున్నాడు.

ట్యాంకు నడుమ ప్లాస్టిక్ పట్టీ ఉంది కాబట్టి ఒక్కో పక్క విడిగా కొట్టొచ్చు. కుడి పక్కను సబ్బునీళ్లతో కడిగి, నూనె జిడ్డు తీసి, తడిపి వాడే గరుకు కాగితంతో సన్నగా గీకాడు. చుట్టూ పేపర్లు అంటించి, స్ప్రే డబ్బా ఊపి రంగు కొట్టాడు. పలుచగా మూడు వరసలు. మొదట తడిగా మెరిసింది. చూస్తుండగానే ఆ మెరుపు ఆరి, లోపలికి ఇంకిపోయింది. రేణుక మోకాలు అక్కడ ఎన్నడూ ఆననట్టే ఉంది. ఆయనకు సంతోషం కలగలేదు. ఆమె మూడేళ్ల కష్టాన్ని తన చేత్తో చెరిపేసినట్టనిపించింది. ఆమె రాగానే సైకిల్ సంగతి చెప్పాలనుకున్నాడు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. సత్యవ్వ ఆనాడు నేనే తొక్కిన్నని కసిరి ఉంటే ఎంత బాగుండేదో, అది ఈ పిల్లకు చెప్పాలి.

ఎడమ పక్కను కడిగి ఆరబెట్టాడు. మూడు దాటింది. స్టూలు మీద కూర్చుని మళ్లీ డబ్బా ఊపడం మొదలుపెట్టాడు. లోపలి గోలీ టకటకమంటూ కొట్టుకుంది. షెడ్డులో రాజేశానికి ఆ చప్పుడు రోజూ వినేదే. కాసేపటికి ఆగింది. రంగు కొడుతున్నాడనుకుని ఆయన తన పని తాను చేసుకున్నాడు.

రేణుక వచ్చేసరికి పరశురాములు గోడకు తల ఆనించి ఉన్నాడు. డబ్బా ఒళ్లో ఉంది. "కాకా," అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి గట్టిగా అరిచింది రాజేశం కోసం.

అంబులెన్స్ వచ్చింది. అందులో వచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. రాజేశం సిరిసిల్లకు ఫోను చేసి, పరశురాములు తమ్ముడి కొడుక్కు సంగతి చెప్పాడు. మనిషిని ఎక్కించేటప్పుడు ఒళ్లోని డబ్బాను తీసి స్టూలు మీద పెట్టాడు. అంబులెన్స్ వెళ్లిపోయాక రాజేశమే ట్యాంకు మీది పేపర్లు పీకాడు.

"కుడిదిక్కు అయ్యింది బిడ్డా. ఎడమదిక్కు ఇంక కొట్టలే. గీ పని తెలిసినోడు ఈడ ఇంకోడు లేడు. ఏం జేస్తవు?"

రేణుక చుట్టూ తిరిగి చూసింది. కుడి పక్క నుంచి అది మూడేళ్లుగా ఎవరూ తాకని బండి. ఎడమ పక్క నుంచి ఆమె మోకాలు మెరుస్తోంది. కళ్లు తుడుచుకుని, చున్నీ నడుముకు బిగించి, తాళంచెవి పెట్టింది.

"తోలుడత్తదా నీకు?" అన్నాడు రాజేశం.

"అస్తది," అంది రేణుక, రోడ్డు మీదివాళ్లకు కూడా వినబడేలా. "మూడేండ్ల సంది నేనే తోల్తున్న."

కుడి మోకాలిని పచ్చి రంగుకు తగలకుండా ఎడంగా పెట్టుకుని, ఎడమ మోకాలిని దాని చోట ఆనించి, ఆమె అయిలాపూర్ వైపు వెళ్లిపోయింది. రాజేశం షెడ్డులోకి తిరిగిపోయాడు. పంచలో స్టూలు మీద, మూత తీసిన మ్యాట్ నలుపు డబ్బా, లోపల ఒక పక్కకు సరిపడా రంగుతో అలాగే ఉంది.