వెనుదిరుగని మూరెట్టు

శిశిరమంతయు శ్వేతకంబళము కప్పుకొని నిద్రించిన ఆల్ప్సు గిరిసానువులు వసంతాగమమున మేల్కొని హిమద్రవపూరితములైన సెలయేళ్ల కలకలముతోడను నవశాద్వలముల పచ్చదనముతోడను కన్నులపండువుగా నుండ ఫ్రెంచి భాష పలికెడి ఆ కొండపల్లెవారు తమ గోవులను మేతబయళ్లకు తోలుకొనిపోవు కాలము వచ్చెను. కొమ్ములపోరున నెదిరిని వెనుదిరుగజేసిన గోవునకు పెద్దగంట కట్టి మందకు రాణిని జేయుటయు రాణిని ఆ యేడు కటికవానికి అమ్మకుండుటయు వారి యాచారము.

వితంతువగు ఒడీలు పెంచిన నల్లయావు మూరెట్టు ముసలిదై పాలుడిగెను. ఆమె బావయు ఇంటి పెద్దయు నగు ఫిర్మేను దానిని కటికవానికి ఇచ్చెదనని మాట యిచ్చెను. ఇంతలో బాస్తియేనను యువకుడు ఈ పోరునే చిన్న చలనచిత్రముగా తీయ వచ్చెను. ఆతని కథలో ముసలియావు ఓడును, యజమానురాలు విలపించును.

"ఏడ్చుట నాకు నేర్పనక్కరలేదు నాయనా" అని ఒడీలు సమ్మతించెను.

పోరుదినమున బాస్తియేను చిత్రము తీయుచుండ, మూరెట్టు నిలిచిన బరిలోనికి ఫిర్మేను తన పడుచుటావు బరోనును వదలి నవ్వెను. "ఏమమ్మా ఒడీలూ, నీ ముసలిదానిని నిలువబెట్టుటకు కఱ్ఱలేమైన తెచ్చితివా? పలుపు సిద్ధముగా నుంచుము, బండి వచ్చుచున్నది."

"ఓడిన పిమ్మట గదా, బావగారూ!"

అనెనే గాని ఆమె జపమాల పట్టి మరియమాతను తలచుచు కన్నులు మూసికొనెను. కొమ్ములు తాకిన చప్పుడు వినరాలేదు. జనమెల్ల నిశ్శబ్దమయ్యెను. మూరెట్టు పోరకయే పాఱిపోయెనని తలచి ఆమె భోరున విలపించెను. బాస్తియేను కోరిన కన్నీరదియే.

"కన్నులు తెఱువవమ్మా!" అని ఫిర్మేను కేకవేసెను.

మూరెట్టు బరినడుమ తల వంచి కదలక నిలిచియుండెను. ఆ నిశ్చలమైన చూపు నెదుర్కొనలేక బరోను మొగము త్రిప్పుకొని కంచె దాపునకు పోయి గడ్డి మేయుచుండెను!

"మరల తీయుదము! కథలో ముసలిది ఓడవలెను" అని బాస్తియేను మొఱవెట్టెను.

"కథ సంగతి మూరెట్టుతో ఎవరు చెప్పిరి నాయనా?" అని ఒడీలు కన్నీళ్లలోనే నవ్వెను.

"రాణిని రెండుమాఱులు ఎన్నుదురా? మా తాత సమాధినుండి లేచివచ్చి నన్ను తన్నును" అని ఫిర్మేను కసరి తన యావునకై తోమి మెఱయించిన గంటను తన చేతులతోనే మూరెట్టు మెడకు కట్టెను. కటికవాని బండి వట్టిదై మఱలెను.

విధి వ్రాసినది తప్పదందురు. ఆ వ్రాయువాడును ఒక్కొకవేళ కలము నిలిపి ప్రాణి కన్నులలోనికి చూచునేమో, మనకేమి తెలియును? మఱునాటి ప్రాతఃకాలమున మంచుతెరలు చీల్చుకొని కొండనెక్కు మందకు ముందుగా ఆ గంట గణగణమని మ్రోగుచుండెను; దాని వెనుకనే బరోను తల వంచుకొని నడచుచుండెను.