యాపిల్ ముక్కలు మింగిన గోడలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. నేను ఇల్లూ కట్టించాను, కూతురి పెళ్లీ చేశాను. బిస్కెట్లతో ఇల్లు కట్టడం ముందు ఆ రెండూ పిల్లలాటలే.

ఏటా హాలోవీన్ దెయ్యాల పండక్కి మా వీధి పిల్లలచేత దెయ్యాల కొంపలు కట్టించడం నా సరదా. అల్లం వేసిన పిండితో గోడలూ కప్పులూ ముందే కాల్చి ఉంచుతాను. వేలితో కొడితే టకటకమనాలి, అలాంటి గోడే నిలబడుతుంది. పిల్లలొచ్చి నల్ల ఐసింగ్‌తో అతికించి, మిఠాయి పుర్రెలూ సాలీళ్లూ పెట్టుకుంటారు. నా ఇళ్లు వంకర పోవని మా చర్చిలో ఆడవాళ్లందరికీ తెలుసు. తెలియనివాళ్లకి నేనే చెబుతాను.

ఈసారి మాత్రం సరదా కంటే గుబులే ఎక్కువ. వేసవిలో మా అమ్మాయి, మనవరాలు టిల్లీని తీసుకుని ఒహాయోకి, మా దగ్గరికి వచ్చేసింది. టిల్లీ ఇంట్లో వసపిట్ట. కొత్త బడిలో మాత్రం మూగనోము పట్టింది. భోజనాల వేళ ఒక్కతే కూచుంటోందని టీచరు చెప్పింది. అందుకే ఈ ఏడు దాని క్లాసు పిల్లల్ని పిలిచాను.

"వాళ్లకి నచ్చకపోతే, అమ్మమ్మా?" అని వారమంతా అడుగుతూనే ఉంది.

"నా ఇళ్లు నచ్చనివాళ్లు ఇంకా పుట్టలేదే" అన్నాను.

శనివారం పిల్లలు మంత్రగత్తె టోపీలూ దెయ్యం ముసుగులూ వేసుకుని వచ్చేశారు. బల్ల చుట్టూ కూచోబెట్టి, వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీశాను. చేతిలోకి తీసుకున్న గోడ తడిసిన అట్టలా వేలాడింది. డబ్బా నిండా యాపిల్ ముక్కలు.

"మిల్టన్" అని పిలిచాను. మా ఆయన తాపీగా వచ్చాడు. "ఏంటివి?"

"యాపిల్ ముక్కలు. నిన్న ఒక బిస్కెట్ కొరికితే పన్ను ఊడినంత పనయింది. పసిపిల్లలు ఏం నములుతారని అన్ని డబ్బాల్లోనూ వేశాను. బిస్కెట్లు గట్టిపడితే నువ్వూ అదే చేస్తావుగా, మెత్తబడటానికి."

"తినే బిస్కెట్లకి చేస్తాను మహానుభావా. ఇవి గోడలు."

"గోడలైతే మాత్రం తినరా ఏంటి?"

ఐసింగ్ గిన్నె ఆయన చేతిలో పెట్టి, ఆ మెత్తటి గోడలే పట్టుకుని బల్ల దగ్గరికి నడిచాను.

చేసేదేముంది, ఐసింగ్ దట్టంగా పట్టించి నిలబెట్టాం. కాసేపటికి గోడలు కుంగాయి, కప్పులు జారాయి. డెస్మండ్ అనే బొద్దబ్బాయి తన ఇంటికేసి తలవంచి చూసి, "మా ఇల్లు పడుకుంది" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. టిల్లీ మొహం కందగడ్డయింది. కళ్లనిండా నీళ్లు. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. అందరికీ ఇంత వేడి యాపిల్ రసం పోసి పంపేద్దామనుకున్నాను.

"పడుకోలేదు" అంది టిల్లీ, తనలో తను అనుకున్నట్టు.

"ఏంటి?" అన్నాడు డెస్మండ్.

నేను అడ్డం పడబోతే మిల్టన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పడుకోలేదు. రోజూ ఒక లావు దెయ్యం వచ్చి ఆ కప్పు మీద కూచుని బూట్లు విప్పుకుంటుంది. ఆ బరువుకే కుంగింది."

"ఎంత లావు?"

"మా తాతంత."

మిల్టన్ పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఈసారి టిల్లీ కూడా నవ్వింది.

"మరి నాదో? నాదెందుకు వంగింది?" అంటూ ఇంకొకరు ఇల్లు ముందుకి తోశారు. అందులో మంత్రగత్తె తుమ్మిందట. పక్కదానికి గబ్బిలాలంటే భయమట, అందుకే నక్కి కూచుందట. ఒక్కో ఇంటికీ ఒక్కో కథ. ఇంతకాలం ఆ కథలన్నీ ఎక్కడ దాచిందో తెలియదు.

హేజెల్ అనే పిల్ల మాత్రం మూతి ముడుచుకుంది. దాని ఇల్లు ఎలాగో యాపిల్ తడి తప్పించుకుని నిటారుగా నిలబడింది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నా పరువు నిలిపింది అదొక్కటే.

"నాదానికి కథ లేదా?" అంది హేజెల్, ఏడుపు గొంతుతో.

టిల్లీ నాకేసి చూసింది. నేను లేచి, ఆ చక్కటి కప్పు మీద నా రెండు మోచేతులూ ఆనించాను. గోడలు పటపటమని విరిగి ఒక పక్కకి ఒరిగాయి.

"ఇప్పుడు చెప్పవే" అన్నాను.

హేజెల్ ఇంటి కథ ఎంతకీ తెగలేదు. వాళ్లమ్మ వచ్చి కారు హారన్ మోగిస్తున్నా ఆ పిల్ల కదల్లేదు. చివరికి గుమ్మం దగ్గర ఆగి, "సోమవారం బడిలో భోజనానికి మా బల్ల దగ్గరికి రా, మిగతా కథ చెప్పాలి" అంది టిల్లీతో.

మంగళవారం టీచరు ఫోన్ చేసింది. టిల్లీ పాఠం జరుగుతున్నా కబుర్లు ఆపడం లేదట. కాస్త మందలించమంది. అలాగేనన్నాను.

ఫోను పెట్టేసి, టిల్లీని పిలిచి, మిగిలిన గోడల్లో అన్నిటికంటే మెత్తటిది చూసి దాని చేతిలో పెట్టాను.